గోడ దాచిన గొంతు

కెజియాకి ఆ ఉద్యోగం ఆమె చెవి వల్ల వచ్చింది.

అంతకుముందు పదేళ్ళపాటు ఆమె గుంటూరులో చెవిటి పిల్లల బడిలో మాట నేర్పింది. పుట్టుచెవుడున్న పిల్ల ‘అన్నం’ అంటే కన్నతల్లికి కూడా ఏదో మూలుగులాగా వినపడుతుంది. కెజియాకి అన్నమే వినపడేది. ఊపిరి ఎక్కడ ఆగిందో, నాలుక ఎటు తిరగబోయి మానుకుందో, పెదవులు కలిశాయో లేదో పట్టుకుని మాటను బయటికి లాగేది. “ఏమంటన్నాడు టీచరమ్మా మావాడు?” అని తల్లులు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆ సంగతి ఎవరో చెబితే డాక్టర్ కామేశ్వరి ఒకరోజు బడికి వచ్చింది. యాభై దాటిన మనిషి, ఆనకట్టల గోడల్లో పగుళ్ళు ఎలా పుడతాయో చూడటంలోనే జీవితం గడిపిన భౌతిక శాస్త్రవేత్త. ఆ పనిలో ఉండగానే ఆమెకు ఇంకో సంగతి దొరికింది. ఇళ్ళ గోడలకు రంగు కింద పూసే పుట్టీ ఎండిపోయాక కూడా శబ్దానికి కదులుతుంది. దగ్గరలో ఎవరైనా మాట్లాడితే అందులోని రేణువులు కంటికి ఆననంత కొంచెం జరుగుతాయి. జరిగినవి కొన్ని వారాలు అలాగే ఉండిపోతాయి. లేజర్ కాంతితో గోడను పైనుంచి కిందికి దువ్వితే ఆ శబ్దం మళ్ళీ వస్తుంది.

“వస్తే అందులో మాటలుంటాయాండీ?” అంది కెజియా.

“ఉంటాయి. కానీ ఒకదాని మీద ఒకటి పడి రొదలాగా ఉంటాయి. కంప్యూటర్‌కి ఇచ్చి చూశాను. అది తనకు తోచిన మాట వింటోంది, గోడలో ఉన్న మాట కాదు. నాకు మనిషి చెవి కావాలమ్మా.”

ప్రయోగశాల మంగళగిరి దగ్గర హైవేకి కొంచెం లోపలికి ఉంది. మొదటిరోజు అక్కడి క్యాంటీన్ గోడ ముక్క ఒకటి పెట్టి కెజియాకి హెడ్‌ఫోన్లు ఇచ్చారు. చెరువు అడుగున ఎవరో బిందెలు తోముతున్నట్టుంది. ఆమె కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వాల్చి, చాలాసేపు విని, “సాంబారు అయిపోయింది, పప్పుచారు పోయమంటారా అని అడుగుతున్నారెవరో” అంది. అందరూ పకపకా నవ్వారు. క్యాంటీన్ ఆయన్ని పిలిపిస్తే, “నేనేనండి, రోజూ అనేమాటే” అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భర్త ఏసుపాదానికి చెబుతూ కూడా నవ్వింది. ఏసుపాదం ఇంటి ముందు గదిలోనే మోటార్లు వైండింగ్ చేసే షాపు నడుపుతాడు. “ఇంక మన గోడల దగ్గర నీ మీద చాడీలు చెప్పుకోడానికి లేదన్నమాట” అన్నాడు. రెండో తరగతి చదివే కూతురు షారోన్ గోడకు నోరానించి “అమ్మా, నాకు ఐస్‌క్రీమ్” అని గుసగుసలాడింది.

అలా కొన్నాళ్ళు గడిచాక పోలీసులు వచ్చారు.

అప్పటినుంచి వచ్చేవన్నీ హత్యలు జరిగిన గదుల గోడలే. మనిషి చనిపోయే ముందు ఆ గదిలో ఎవరెవరు ఏం మాట్లాడారో కెజియా విని చెప్పాలి. ఆమెకు కేసు సంగతి ఏమీ చెప్పరు. చెబితే చెవి తనకు తెలిసిన మాటనే వింటుందని కామేశ్వరి పెట్టిన నియమం అది. ఏ ఊరో, చనిపోయింది ఎవరో, ఎందుకో తెలియదు. ఒక్క మాట తేలడానికి అదే ముక్కను వందలసార్లు వినాలి. అంటే ఒక మనిషి చావును వందలసార్లు వినాలి. విన్నది బయట ఎవరికీ చెప్పకూడదు, ఇంట్లో కూడా.

ఆమె పని వల్ల నేరస్థులు దొరికారు. అందుకని మొదట్లో ఆమెకు గర్వంగానే ఉండేది. తరవాత మెల్లగా ఇంట్లో శబ్దాలు మారిపోవడం మొదలైంది. షారోన్ ఆటల్లో కెవ్వుమంటే కెజియా చేతిలో గిన్నె జారిపోయేది. పక్కింటి వాళ్ళ తలుపు దబ్బుమంటే ఉలిక్కిపడి గోడవైపు తిరిగేది. “మెల్లగా ఆడుకోండే” అనేది. తరవాత “ఆడుకోవద్దు” అంది. షారోన్ స్నేహితురాళ్ళు రావడం మానేశారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోగానే లేచి బయట చెప్పుల దగ్గర కూర్చునేది.

“ఏం విన్నావో నాకు చెప్పు” అనేవాడు ఏసుపాదం.

“చెప్పకూడదు.”

“నేనెవరికి చెబుతాను? మోటార్లకా?”

ఆమె చెప్పలేదు. నియమం ఒక కారణం. చెబితే అవి ఈ ఇంట్లోకి కూడా వస్తాయన్న భయం అసలు కారణం.

ఒక శనివారం ఉదయం ఏసుపాదం షాపులో ఒక పంపుసెట్టు మోటారు విప్పుతున్నాడు. లోపల కూతురి కేక వినపడింది. ఒకటి కాదు, కేక మీద కేక. కెజియా వంటింట్లోనే ఉంది కదా అనుకున్నాడు. కేకలు ఆగకపోయేసరికి చేతిలోది పడేసి లోపలికి పరుగెత్తాడు.

బాత్‌రూమ్ తలుపు బయట కెజియా నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. తల కొంచెం పక్కకు వాలి ఉంది. పెదవులు కదులుతున్నాయి.

“ముందు ఊపిరి... తరవాత పొడుగు ‘ఆ’... నోరు పూర్తిగా తెరుచుకోలేదు. గడ్డానికి దెబ్బ తగిలింది...”

ఏసుపాదం ఆమెను పక్కకు నెట్టి లోపలికి పోయాడు. షారోన్ సబ్బునీళ్ళలో జారి బకెట్ అంచు మీద పడింది. గడ్డం చిట్లి మెడంతా రక్తం. పిల్లను టవల్‌లో చుట్టి ఎత్తుకుని బయటికి వస్తుంటే అప్పుడు కెజియా కళ్ళు తెరిచింది. రక్తం చూసి, అప్పుడే విన్నదానిలాగా అరిచింది.

ఆసుపత్రిలో గడ్డానికి కుట్లు వేశారు. షారోన్ ఏడుపు ఆపాక తండ్రి భుజం మీద నుంచి తల్లిని చూస్తూ అడిగింది. “నేను పిలిస్తే నీకు వినపళ్ళేదా అమ్మా?”

కెజియా పిల్ల గడ్డం వైపు చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. వినపడిందని చెప్పాలా, వినపడలేదని చెప్పాలా? రెండింట్లో ఏది చెప్పినా పిల్ల మనసు విరుగుతుంది.

ఆ తరవాత షారోన్ ఏం కావాలన్నా “నాన్నా” అని పిలవడం మొదలుపెట్టింది. కెజియా ఉద్యోగానికి వెళ్ళడం మానేసింది. కామేశ్వరి ఫోన్ చేస్తే ఏసుపాదం తీసి, “ఆమె రాదండీ” అని పెట్టేశాడు.

పదిహేను రోజులు గడిచాక సి.ఐ. మస్తాన్ వలి మామూలు బట్టల్లో ఇంటికొచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి, కళ్ళ కింద నల్లగా ఉబ్బి ఉంది. షాపు ముందు బల్ల మీద కూర్చుని, ఏసుపాదం ఇచ్చిన టీ తాగకుండా గ్లాసు తిప్పుతూ మాట మొదలుపెట్టాడు.

“మీకు కేసు సంగతి చెప్పకూడదని తెలుసు గానీ, ఒక కుర్రాడు జైల్లో ఉన్నాడమ్మా. పేరు ఏడుకొండలు. కరెంటు పని చేస్తాడు. నేనే అరెస్టు చేశాను. చనిపోయినామె ఇంట్లో వాడి వేలిముద్రలు దొరికాయి. ఫ్యాను బాగుచేయడానికి వెళ్ళానంటాడు. వాడేనని ఊరంతా అంటోంది. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు.”

“వేరేవాళ్ళని పెట్టుకోండి సార్” అంది కెజియా.

“పెట్టారు. ఇద్దరొచ్చారు. ఒకమ్మాయి రెండో రోజుకే ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఇంకొకాయన ఆ గోడలో మాటలే లేవన్నాడు.”

“మా ఇంట్లో ఏం జరిగిందో తెలుసా మీకు?” అన్నాడు ఏసుపాదం కోపంగా.

మస్తాన్ వలి అతనివంక చూశాడు. “తెలుసు తమ్ముడూ. నాదీ ఇరవయ్యేళ్ళ సర్వీసు. మా ఆవిడ నన్ను ‘ఇవాళ ఏమైంది’ అని అడగడం ఎప్పుడో మానేసింది. మా అబ్బాయి నేను హాల్లోకి వస్తే లేచి లోపలికి పోతాడు. వాడిని నేను ఒక్క దెబ్బ కొట్టలేదు. నా మొహంలో ఏం కనిపిస్తుందో మరి.” గ్లాసు కింద పెట్టాడు. “రమ్మని బలవంతం చేయను. అడిగానంతే.”

రెండ్రోజులు ఆలోచించి కెజియా ప్రయోగశాలకు వెళ్ళింది. కామేశ్వరి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

“మేడమ్, ఒకటి అడుగుతాను. మీరెప్పుడైనా విన్నారా?”

కామేశ్వరి చేతులు వదిలేసింది. “ఒక్కటి విన్నాను. మొట్టమొదటిది. మళ్ళీ వినలేకపోయాను. అందుకే నిన్ను వెతుక్కున్నాను.”

“ఈసారి నా పక్కన కూర్చుని వినండి. ఒక్కదాన్నయితే నేను వినను.”

కామేశ్వరి లోపలికి వెళ్ళి రెండో జత హెడ్‌ఫోన్లు తెచ్చుకుంది.

గోడలో నిజంగానే మాటలు లేనట్టుంది. తలుపు బాదిన చప్పుడు, ఏదో స్టీలు సామాను పడ్డ చప్పుడు, మగగొంతు రొద. మొగవాడి గొంతు గట్టిగా ఉంది గానీ గోడకు దూరంగా ఉండటంతో ఎవరిదో తేలే మాట లేదు. ఆడగొంతు అసలే లేదు. అరుపు లేదు. మనిషి చనిపోయిన గదిలో అరుపు లేకపోవడం కెజియా ఎప్పుడూ వినలేదు. పక్క వాటాల వాళ్ళు తలుపు చప్పుళ్ళు మామూలేనని పట్టించుకోలేదట, కేక మాత్రం వినలేదని చెప్పారట, అందుకే నిద్రలో ఉండగా వచ్చిన దొంగపని అనుకున్నారట. అది ఆమెకు తరవాత తెలిసింది.

నాలుగో రోజు కెజియా ఉన్నట్టుండి కూర్చున్నచోట నిటారుగా అయింది.

“మేడమ్, గోడకి ఇంకొంచెం కింద ఒక చోట దువ్వించండి. మనిషి నిలబడితే వీపు తగిలేచోట.”

“ఎందుకు?”

“ఆమె గోడకి ఆనుకుని ఉంది. మెల్లగా మాట్లాడుతోంది. నోటిలోంచి కాదు, వీపులోంచి గోడలోకి వెళ్ళింది గొంతు. మా బడి పిల్లలు కొందరికి నా వీపు మీద చెయ్యి పెట్టించి మాట నేర్పేదాన్ని. అలాంటి శబ్దం ఇది.”

కామేశ్వరి యంత్రాన్ని అక్కడికి తిప్పింది. పగలంతా ఇద్దరూ విన్నారు, మర్నాడూ విన్నారు. మాటలు ఒక్కొక్కటే పైకి తేలాయి. తలుపు బాదుతుండగా ఆమె మొదట ఒక చిన్నపిల్లతో అంది. “బుల్లెమ్మా, మంచం కిందకి పో. అమ్మ పిలిచిందాకా రావొద్దు. ఏం వినపడినా రావొద్దు.” తరవాత తలుపు తెరుచుకుంది. మగగొంతు మీదికొచ్చింది. ఆమె గోడకు ఆనుకుని, గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అంది. “మెల్లగా మావా. పిల్ల లేచిద్ది.”

ఆఖరిదాకా ఆ ఒక్కమాటే. మెల్లగా మావా. పిల్ల లేచిద్ది. చివరిది సగంలో ఆగిపోయింది.

కామేశ్వరి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. కెజియా వెళ్ళి పక్కన కూర్చుంది. కొంగుతో మొహం కప్పుకుని కామేశ్వరి అడిగింది. “ఇన్నాళ్ళూ నువ్వు ఇవి వింటున్నావా?”

“అవునండీ.”

“నేను నీకు జీతం పెంచానే గానీ ఒక్కసారి కూడా అడగలేదు.”

‘మావా’ అన్న ఒక్కమాటతో కేసు తిరిగిపోయింది. చనిపోయిన శివపార్వతి అలా పిలిచేది భర్త కోటిని. లారీ నడిపే అతను, హత్య జరిగిన పూట నరసరావుపేటలో ఉన్నానని చెప్పాడు. మస్తాన్ వలి మళ్ళీ వెళ్ళి గట్టిగా విచారిస్తే ఆ పూట అతను గుంటూరులోనే ఉన్నాడని తేలింది. ఎదురుగా కూర్చోబెట్టి ఆ మాటలు చదివి వినిపిస్తే, “పిల్ల నిద్రపోతందనుకున్నా” అని తల దించుకున్నాడట. ఏడుకొండలు ఇంటికొచ్చాడు.

ఆ వారంలోనే ప్రయోగశాల గేటు దగ్గరికి ఒకామె వచ్చి కదలనని కూర్చుంది. పేరు తులసమ్మ, శివపార్వతి తల్లి. మిర్చి యార్డులో కాయలకు తొడిమలు తీసే పని. మిరప ఘాటుకు ఎర్రబడిన వేళ్ళు, ఎండిపోయిన మొహం. గోడలో మాటలు విన్న అమ్మాయిని చూడకుండా పోనంది.

కెజియా బయటికి రాగానే లేచి నిలబడింది. “నువ్వేనా తల్లీ విన్నది?”

“నేనేనమ్మా.”

“ఒక్కటే అడుగుతా. నా బిడ్డ ఆఖర్న నన్ను పిలిచిందా?”

కెజియా వెనక్కి చూసింది. గుమ్మంలో కామేశ్వరి ఉంది. విన్నది బయటివాళ్ళకు చెప్పకూడదన్న నియమం రాసింది ఆమే. కామేశ్వరి కాసేపు తులసమ్మను చూసి, “చెప్పమ్మా” అని, తనూ వచ్చి నిలబడింది.

“లేదమ్మా” అంది కెజియా. “మిమ్మల్ని పిలవలేదు. ఎవర్నీ పిలవలేదు. అరవను కూడా అరవలేదు. పిల్ల బయటికి వస్తుందని గొంతు ఎత్తలేదు.” ఆ మాటలన్నీ చెప్పింది, ఎలా అందో అలాగే.

తులసమ్మ నేలమీద కూలబడింది. ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, “పిలిచుంటే రాలేకపోతినే అని ఏడ్చేదాన్ని. పిలవలేదంటే ఏమని ఏడవాలో తెలవట్లా” అంది. తరవాత తల ఎత్తి, “దాని పిల్ల కూడా అట్టాగే ఉంది తల్లీ. నాలుగేళ్ళ బిడ్డ. నా ఇంటికి తెచ్చుకున్నా. వచ్చిన కాణ్ణుంచి మంచం కింద దూరి బయటికి రాదు. అన్నం అక్కడికే నెట్టాల. నోట మాట లేదు. బయటికి లాగితే కొరికిద్ది. డాక్టరు భయమన్నాడు. ఎన్నాళ్ళుంటదో ఈ భయం?” అంది.

కెజియా ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. “భయం కాదమ్మా. వాళ్ళమ్మ పిలిచేదాకా రావొద్దంది.”

తులసమ్మ నోరు తెరుచుకుని ఆమెనే చూసింది.

మర్నాడు ఏసుపాదం కెజియాను స్కూటర్ మీద తులసమ్మ ఇంటి దగ్గర దించాడు. యార్డు వెనక వీధిలో రేకుల ఇల్లు. ఒకటే గది, అందులో నులక మంచం. కెజియా మంచం పక్కన గచ్చు మీద బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించింది. లోపల మూలగా మోకాళ్ళు గుండెకు హత్తుకుని తులసమ్మ మనవరాలు లాస్య ఉంది. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

ఆ గొంతును తను అచ్చంగా దించగలదని కెజియాకి తెలుసు. ఏ అక్షరం సాగాలో, ఎక్కడ ఊపిరి ఆగాలో ఆమెకు కంఠతా వచ్చు. ఆ గొంతుతో పిలిస్తే పిల్ల ఒక్క ఉదుటున వస్తుంది. వచ్చి చూస్తే అమ్మ ఉండదు.

తన గొంతుతోనే పిలిచింది. “బుల్లెమ్మా.”

పిల్ల కళ్ళు కదిలాయి. ఆ పేరుతో తల్లి తప్ప ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.

“అమ్మ నీకేం చెప్పిందో నేను విన్నాను. మంచం కిందకి పొమ్మంది. పిలిచిందాకా రావొద్దంది. నువ్వు చక్కగా విన్నావు. ఏం వినపడినా రాలేదు.”

చాలాసేపటికి లోపలినుంచి బొంగురుగా ఒక మాట వచ్చింది. “అమ్మ పిలవలా.”

“అవునమ్మా. పిలవలేదు.” అంది కెజియా. “అమ్మ చచ్చిపోయింది తల్లీ. ఇంకెప్పటికీ పిలవలేదు. పిలవగలిగితే నిన్ను ఇన్నాళ్ళు ఇక్కడ ఉంచేది కాదు. అమ్మ చెప్పిన పని అయిపోయింది. ఇంక రావొచ్చు.”

వెనక తులసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లి ఊరెళ్ళిందని చెబుతూ వస్తున్నారు ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళూ.

పిల్ల వెంటనే రాలేదు. కెజియా అలాగే పడుకుని ఉంది. ఒక చెయ్యి ముందు బయటికొచ్చింది, గచ్చు మీద ఎండ పడేచోట ఆగింది. తరవాత తల, భుజాలు. బయటికొచ్చి కూర్చుని గది నాలుగువైపులా చూసింది. గుమ్మం వంక చూసింది. నిజంగానే లేదని తెలుసుకుంది.

అప్పుడు అరిచింది. రేకులు అదిరేలా, వీధి అంతా వినపడేలా, ఆ చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడ ఉందో తెలియనట్టు “అమ్మా” అని అరిచింది. కెజియా లేచి ఆమెను ఒళ్ళోకి లాక్కుంది. ఆ కేకలో దేన్నీ విడదీసి వినలేదు. పిల్లతోపాటు తనూ ఏడ్చింది. ఇన్నాళ్ళలో విన్నవాళ్ళందరి కోసం ఏడ్చినట్టు, సిగ్గుపడకుండా, నోరు తెరిచి ఏడ్చింది. స్కూటర్ దగ్గరున్న ఏసుపాదం పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

చుట్టుపక్కల వాళ్ళు మూగారు. ఒకావిడ లోపలికి వచ్చి, “ఊరుకోమ్మా, ఊరుకో, గొంతు పోయిద్ది” అని పిల్ల నోటి మీద చెయ్యి పెట్టబోయింది.

తులసమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“అరవనీయండి” అంది. “దాని తల్లికి అరిచే వీల్లేకపోయింది. దీన్నన్నా అరవనీయండి.”